క్లచ్చు కింద అగ్గిపెట్టె

సింధనూరు,
17-10-1966.

ఇందుమూలముగా శ్రీమతి కుసుమకుమారి గారికిన్నీ, వారి మాతృశ్రీ బుల్లెమ్మ గారికిన్నీ, ఆ ఇంటి చూరు కింద నిలబడి చెవులొగ్గు ఇరుగుపొరుగు యావన్మందికిన్నీ తెలియజేయడమేమనగా: సింధనూరు తాలూకాలోని మన కాపురమునందు ఉప్పుజాడీ మూత ఈ నెల తొమ్మిదో తేదీన పగిలినది. పగలగొట్టినది పిల్లి. పిల్లి నేరము ఒప్పుకొనలేదు. తాత్కాలికముగా జాడీ మీద నా పాత కండువా కప్పబడినది. నల్లకోడి గూటిలో గుడ్డు పెట్టుట మాని కారు వెనక సీటులో పెట్టుచున్నది. ఖాళీ చేయవలసినదని మూడుసార్లు నోటిమాటగా నోటీసు ఇచ్చినను లెక్కచేయలేదు. కావున సదరు సీటు దానికే వదిలివేయడమైనది. ఎల్లరును గమనింపవలెను.

చి.ల.సౌ. కుసుమని నీ బావ పిచ్చయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ, గేదే, దాని దూడా, నువ్వు పోతూ పోతూ మూడుసార్లు అప్పజెప్పిన కరివేపాకు మొక్కా ఉన్నాం. నలుగురిలో ముగ్గురు కులాసా. నాలుగోవారు ఎవరన్నది రెండో కాగితంలో తేలుతుంది, తొందరపడి తిప్పకు. అక్కడ అత్త గోడ పట్టుకుని వాకిలిదాకా నడిచిందని రాశావు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నమ్మవు. అడుగు వేసేటప్పుడు ముందు మడమ ఆనుతున్నదో వేళ్ళు ఆనుతున్నాయో అది కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది. ఇవేం ప్రశ్నలు అనుకుంటావేమో. ఈమధ్య నాకు కాళ్ళ మీద ధ్యాస పెరిగింది.

కార్డు కాకుండా కవరు రాశానేమిటని ఆశ్చర్యపోకు. పోయిన నెల కార్డు మీ ఊళ్ళో ఎంత గొడవ తెచ్చిందో నీ ఉత్తరం చూశాక తెలిసింది. "బుల్లెమ్మని పైకెత్తి పొట్ట విప్పి చూశారు, పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి, అయినా రెండోది పడటం లేదు" అని నేను కారు సంగతి రాస్తే, మీ పోస్టు జవాను దాన్ని వీధి మొదట్లోనే చదివి అత్తకి పొట్ట ఆపరేషనయిందని ఊరంతా చాటాడన్న మాట. నోట్లో ఒక్క పన్ను లేనిదానికి పళ్ళు గట్టిగా ఉన్నాయని రాస్తాడేమిటే వీడు, అని అత్త నన్ను తిట్టిందట. తిట్టే ఓపిక వచ్చిందంటే తుంటి అతుక్కుంటున్నట్టే. కారుకి మేనత్త పేరు పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. పొద్దున్నే కదలమంటే మూలుగుతుంది, కదిలాక ఎవరి మాటా వినదు, అందుకని పెట్టాను. ఈ కాగితాల్లో మాత్రం కారుని కారనే అంటాను.

ఇక మన పందెం. నువ్వు పరికిణీలు కట్టే రోజుల్లో నేను వేసవికి మీ ఇంటికొచ్చి, నూతిలో మొసలి ఉందని చెబితే నువ్వు రెండు రోజులు నీళ్ళు తోడలేదు. అత్త నా చెవి మెలేసి, అబద్ధం లేకుండా నీకెలాగూ ప్రాణం నిలవదు గనక ఇకనించి పూటకి ఒకటే ఆడు అని హద్దు పెట్టింది. పెళ్ళయ్యాక నువ్వు దాన్ని ఉత్తరానికి ఒకటి చేశావు. ఉత్తరంలో ఒకే ఒక అబద్ధం ఉండాలి, అది ఏదో నువ్వు పట్టుకోవాలి, నీ ఊహ వచ్చేదాకా నేనుగా నోరు విప్పకూడదు. పోయిన కార్డులో అబద్ధం పట్టేశానని గొప్పగా రాశావు: "గేరు పడటం లేదన్నదే అబద్ధం, బావా. కారు తోలటానికి బద్ధకించి అరుగు మీద కబుర్లు చెబుతూ కూర్చున్నావు. నాకు తెలీదూ."

ఓడిపోయావు మరదలా. అదే కార్డులో హనుమయ్య గేదె కవలల్ని ఈనిందని రాశానే, అది అబద్ధం. గేరు పడకపోవడం నిజం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మాగాయ జాడీలో చెయ్యి పెట్టలేదు, గరిటే పెట్టాను. గేదె పూటకి రెండు శేర్లిస్తోంది, పాలు పితికేది కరియమ్మ. పొలానికి నీళ్ళు వచ్చాయా అని అడిగావు. రాలేదు. మనం ఇక్కడికొచ్చి పదేళ్ళయింది, ఆ ప్రశ్నకి జవాబు మారలేదు. కాలువ తల దగ్గర నీళ్ళు వదిలే లస్కరు తూము ఎత్తుతాడు. నీళ్ళు బయల్దేరతాయి. బయల్దేరిన మాట నిజమే, కాలువ గట్టు మీద నిలబడితే చప్పుడు వినిపిస్తుంది. పై క్యాంపుల్లో మనలాగే వలసొచ్చినవాళ్ళ మళ్ళన్నీ తాగి తాగి, చిట్టచివర ఉన్న మన ఆరెకరాల దగ్గరికొచ్చేసరికి తడి వాసన మాత్రం మిగులుతుంది. వరి వేసిన రెండెకరాల్లో మడి నెర్రెలిచ్చింది. మన క్యాంపు పెద్ద ముసలయ్యగారు నీళ్ళ కోసం మళ్ళీ అర్జీ రాయించారు. ఆయన రాయిస్తూనే ఉంటారు, మనం వేలిముద్రలూ సంతకాలూ చేస్తూనే ఉంటాం. చివరి పొలం మీద నమ్మకం లేకనే కదా మనం ఈ పాత కారు కొని బాడుగలకి తిప్పుకుంటున్నది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న చివర వేశావు. దీపావళి వెళ్ళగానే అత్తని కూడా తీసుకుని వచ్చేస్తాను, గుంతకల్లులో బండి మారి రాయచూరులో దిగుతాం, తుంటి విరిగిన మనిషిని బస్సు ఎక్కించలేం గనక స్టేషనుకి కారు తీసుకురా బావా, అన్నావు. ఇక్కడ నువ్వు వండుతుంటే అత్త మంచం మీదనించి సాయం మాటలు చెబుతుందనీ, నేను చేతికింద ఉంటే ఇద్దరం కలిసి ఆమెని లేపి కూర్చోబెట్టవచ్చనీ, అన్నీ లెక్కవేసుకుని రాశావు. దానికి జవాబు కారు సంగతి చెబితేగాని రాదు.

సెప్టెంబరు మొదట్లో రెండో గేరు పడటం మానేసింది. మొదటిది పడుతుంది, బండి కదులుతుంది, స్టీరింగు పక్క కడ్డీని రెండోదానికి తోస్తే లోపల ఎవరో జంతికలు నములుతున్నట్టు కరకర. పది రోజులు పోయాక మొదటిది కూడా అదే వరస పట్టింది. వెనక గేరు అయితే అరిచి గోల పెట్టేది. పాత బండి, పళ్ళు అరిగి ఉంటాయనుకున్నాను. నాకూ దానికీ పడటం లేదని హోటల్లో నలుగురినీ నవ్విస్తూ తిరిగాను.

ఆ రోజుల్లోనే ఒకనాడు నేను పొలంనించి వస్తుంటే కరియమ్మ వెనకనించి కేకేసింది. "ఏ పిచ్చయ్యా, ఇన్నొందు ఎల్లి." రెండోది ఏదీ అని. చూసుకుంటే కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి లేదు. ఎక్కడో గట్టు మీద జారిపోయింది, నేను అలాగే నడిచి వచ్చేశాను. తుమ్మముళ్ళ దారి అది. ఒక కాలికి మొక్కు ఉందని చెప్పాను. కరియమ్మ దండం పెట్టుకుంది, ఏ దేవుడికి అని కూడా అడిగింది. దొరికిన చెప్పు మళ్ళీ జారిపోతుంటే ఇక ఎడమకాలికి చెప్పు మానేసి ఉత్త కాలితోనే కారు తోలాను.

తరవాత ముసలయ్యగారి ముచ్చట. ఆయన నీళ్ళ అర్జీ సంచిలో పెట్టుకుని రాయచూరు బస్సు అందుకోవాలని నా కారెక్కారు. కాలువ వంతెన ఎక్కే ఏటవాలులో ఎదురుగా గడ్డిబండి వస్తే ఆపాను. బండి వెళ్ళాక మొదటి గేరు వేస్తే పడలేదు. మళ్ళీ క్లచ్చు ఒత్తి మళ్ళీ తోశాను. పడలేదు. ఈలోగా కారు వెనక్కి జారింది. బ్రేకు బలంగా తొక్కితే గట్టు అంచుకి మూరెడు దూరంలో ఆగింది. దిగి చూస్తే వెనక చక్రం కింద మట్టి పెళ్ళ విరిగి కాలువలో పడుతోంది. ముసలయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్ పిచ్చీ, అర్జీ నీళ్ళ కోసం పెట్టాంరా, నన్నే నీళ్ళలో పెడతావేంటి" అన్నారు. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. సాయంత్రానికి క్యాంపంతా పిచ్చయ్య ముసలాయనని కాలువదాకా వెనక్కి తీసుకెళ్ళి బెదరగొట్టాడని చెప్పుకున్నారు. నేను కాదనలేదు. కాదంటే ఎవరు నమ్ముతారు. గడ్డిబండి వాడి చేత నేనే అడ్డం పెట్టించానని కూడా ఒకడు కనిపెట్టాడు.

మర్నాడు బస్టాండు వెనక ఉన్న మేస్త్రీ గోవిందప్ప షెడ్డుకి తోలుకెళ్ళాను. ఆయన రాయచూరు వాడని, మనలాగే తెలుగు మాట్లాడినా మాట వేరుగా ఉంటుందని నీకు తెలుసు. పోయినేడు ఆయన పానాల పెట్టెలో కప్పని పెట్టింది నేనే. అయినా పని విషయంలో మనసులో పెట్టుకోడు. మొదటి రోజు స్టీరింగు కింద గేరు కడ్డీల కీళ్ళు చూశాడు. కీళ్ళు వదులైతే పైన కడ్డీ తిరిగినంత కింద గేరు తిరగదట. రెండు బుష్షులు అరిగాయని మార్చాడు. కరకర పోలేదు. రెండో రోజు గేరుబాక్సు ఆయిలు కిందికి దించి, గిన్నెలో వేలు పెట్టి అడుగంతా తడిమాడు. పళ్ళు విరిగితే ఇనప రజను వేళ్ళకి తగులుతుందన్నాడు. మెత్తటి నల్లటి నూనె తప్ప ఏమీ తగలలేదు. కొత్త ఆయిలు పోశాడు. కరకర పోలేదు. మూడో రోజు క్లచ్చు పెడల్ ఆట చూశాడు. పెడల్ మీద కాలు పెట్టగానే అంగుళం మేర ఊరికే పోవాలి, ఆ తరవాత బరువు తగలాలి. ఆ ఆట బిగించాడు. గేర్లు కొంచెం పడ్డాయి గాని మైలు దూరం వెళ్ళేసరికి క్లచ్చు ప్లేటు కాలిన వాసన. వదులు చేశాడు. వాసన తగ్గింది, గేర్లు మళ్ళీ అలిగాయి. నాలుగో రోజు గేరుబాక్సు దించి ప్లేటు చూస్తే నీలంగా కమిలి ఉంది. కొత్త ప్లేటు వేశాడు. నేను బస్టాండు చుట్టూ తిప్పి తెచ్చాను. అదే కరకర, అదే వాసన.

గోవిందప్ప బీడీ ముట్టించి కాసేపు కారు చుట్టూ తిరిగాడు. ఒత్తినప్పుడు విడవకపోతే అది ఒక జబ్బు, వదిలినప్పుడు పట్టకపోతే అది ఇంకో జబ్బు, ఈ రెండూ ఎదురెదురు జబ్బులు, ఒకే క్లచ్చుకి ఒకేసారి రావడం తన ఇరవై ఏళ్ళ పనిలో చూడలేదన్నాడు. తాళం చెవి తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. రైసుమిల్లు దాకా పోయి, అక్కడ వెనక్కి తిప్పి తెచ్చాడు. నేను చెవి ఒగ్గి వింటూ నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు, వెనక గేరు, అన్నీ అరటిపండు వలిచినట్టు పడ్డాయి. చిన్న చప్పుడు లేదు.

దిగి తలుపు దబేలున వేశాడు. "ఏంది పిచ్చన్నా, నాతోని మజాకా. నాలుగు దినాల సంది నీ బండి కింద పండుకున్న. నా చేతిల అన్ని గేర్లు పడుతున్నయ్, నీ చేతిల ఎందుకు పడయ్. కప్ప సాలలేదా నీకు."

నేను అమ్మ మీద ఒట్టు పెట్టాను. మా అమ్మ పోయి పన్నెండేళ్ళయిందని ఆయనకి తెలుసు గనక ఆ ఒట్టు చెల్లలేదు. సరే, తేల్చేద్దాం అన్నాడు.

కుసుమా, ఇక్కడికి మొదటి కాగితం అయిపోయింది. ఇక్కడిదాకా అత్తకి పైకి చదివి వినిపించు, నవ్వుతుంది. రెండో కాగితం మాత్రం నువ్వు పెరట్లోకి వెళ్ళి చదువుకో. నీళ్ళు కాగుతున్నాయనో, గొడ్డు విప్పుకుందనో ఏదో ఒకటి చెప్పు. అబద్ధాలకి నా దగ్గర ఇన్నేళ్ళు శిష్యరికం చేశావు, ఆ మాత్రం చేతకాకపోదు.

తేల్చేద్దాం అన్నాడు గదా. జేబులోంచి ఖాళీ అగ్గిపెట్టె తీశాడు. వంగి క్లచ్చు పెడల్ కింద, నేల రేకు మీద నిలువుగా పెట్టాడు. పెడల్ చివరిదాకా వెళితే పెట్టె పచ్చడి కావాలి, వెళ్ళకపోతే కాదు. "కూసో. ఎంత బలముంటే అంత ఒత్తు" అన్నాడు.

ఒత్తాను. కుసుమా, నేను ఒత్తాను. తొడ బిగిసింది, వీపు సీటుకి ఆనింది, పంటి మీద పన్ను పడింది. పెడల్ అడుగుదాకా పోయిందనే నాకు తెలిసింది. గోవిందప్ప చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద బొమ్మ కూడా నలగలేదు.

మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఒత్తాను. మళ్ళీ నలగలేదు. మూడోసారి కాలు తీసెయ్యమన్నాడు, తీసేశాను. "తియ్యి అంటున్న గదా" అన్నాడు. తీశానన్నాను. ఆయన వంగి చూపించాడు. నా పాదం పెడల్ మీదే ఉంది. సగం ఒత్తుకుని అక్కడే పడి ఉంది. నేను వదిలాననుకున్నప్పుడల్లా అది అలా పడి ఉండే ప్లేటుని కాల్చింది. నేను ఒత్తాననుకున్నప్పుడల్లా అది సగం దూరమే వెళ్ళి గేర్ల పళ్ళు నూరించింది. రెండు ఎదురు జబ్బులకీ అదీ మూలం.

గోవిందప్ప నా మడమ రెండు చేతులతో పట్టుకుని బయటికి తీశాడు. ఇంజను వేడికి నేల రేకు కాలుతుంది గదా, మడమ పక్కన రూపాయంత మేర తోలు ఊడి ఎర్రగా ఉంది. ఎన్నాళ్ళనించి ఉందో నాకు తెలియదు.

"నొస్తలేదా పిచ్చన్నా."

"ఏది."

ఆయన ఆ కాలిని పగిలేదేదో పెట్టినట్టు నేల మీద పెట్టి, "బండిల ఏం లేదు" అన్నాడు. గొంతు ఎంత చిన్నది చేసుకున్నాడంటే, పక్కన చక్రానికి గాలి కొడుతున్నవాడికి కూడా వినిపించలేదు.

నేను చేతనైన పనే చేశాను. నవ్వి, నమ్మావా, నాలుగు రోజులూ నిన్ను ఆటపట్టించాను అన్నాను. ఆయన నా మొహం చూశాడు. తరవాత బయటికి వెళ్ళి టీ బంకు దగ్గర అందరికీ వినబడేలా, పిచ్చయ్య నన్ను మళ్ళీ పిచ్చోణ్ణి జేసిండు అని చెప్పాడు. బస్టాండంతా ఆయన్ని చూసి వారం రోజులు నవ్వింది. కారులో ఏ జబ్బూ లేదని కూడా కనిపెట్టలేనివాడు మేస్త్రీ ఏమిటని కూడా అన్నారట. ఆయన ఒక్కమాట బయటికి రానివ్వలేదు. గోవిందప్ప నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు, నా అబద్ధం ఇంకొకరు మొయ్యడం కూడా అదే మొదలు.

నీకు అప్పుడే రాయవలసింది. కలం పట్టుకున్నాను కూడా. కాని నువ్వు అక్కడ పొద్దున లేచిందగ్గరనించి అత్తని ఎత్తి కూర్చోబెడుతున్నావు, పక్క మారుస్తున్నావు, నడిపిస్తున్నావు. ఒక మనిషి కాళ్ళు నీ భుజాల మీద ఉండగా రెండో మనిషి కాళ్ళు కూడా నీకు పోస్టు చెయ్యడానికి చెయ్యి రాలేదు. బదులుగా హనుమయ్య గేదె చేత కవలల్ని ఈనిపించాను.

రాయచూరు పెద్దాసుపత్రికి బస్సులో వెళ్ళాను. డాక్టరు కన్నడ మనిషి, తెలుగు వస్తుంది. చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కుడికాలు కొంచెం లేచింది, ఎడమది లేవలేదు. కళ్ళు మూసుకోమని గుండుసూదితో పొడుస్తూ, ఎక్కడ, ఎక్కడ, అని అడిగాడు. మోకాలు దిగాక నేను అన్నీ తప్పు చెప్పాను. ఆ జబ్బుకి ఇంగ్లీషులో ఒక పేరుంది, రెండుసార్లు చెప్పించుకున్నా నాకు నోరు తిరగలేదు. నడుము దగ్గర నరం ఎండిపోతూ వస్తున్నదట. మన పొలం లెక్కే అనుకున్నాను. తల దగ్గర నేను తూము ఎత్తుతూనే ఉన్నాను, నీళ్ళు బయల్దేరుతూనే ఉన్నాయి, చివరిదాకా రావడం లేదు. కాలువ పేరులో కాలు పెట్టినవాళ్ళు తెలిసే పెట్టారు.

ఆరు నెలలు వారానికో సూది వేయించుకుంటే నరం మళ్ళీ పచ్చబడుతుందన్నాడు డాక్టరు. ఇలాంటివాళ్ళు తన చేతి మీద ఇద్దరు నడిచి వెళ్ళారట, అందులో ఒకడు లారీ డ్రైవరట, ఇప్పుడు హుబ్బళ్ళి దాకా లోడు తోలుతున్నాడట. వచ్చే వేసవికి నీ కారు నువ్వే తోలుకుంటూ నా దగ్గరికి రా, నన్ను స్టేషనుదాకా ఎక్కించుకెళ్ళు, అని భుజం మీద తట్టాడు. సూదులు వేసే కాంపౌండరు చెయ్యి తేలిక అని కూడా చెప్పాడు.

ప్రస్తుతానికి కర్ర పట్టుకుని నడుస్తున్నాను. కర్రెందుకని అడిగినవాళ్ళకి పందుల్ని తోలడానికి అని చెబుతున్నాను. నా దారిలో పందులు లేవని ఎవరికీ తట్టలేదు. గడప దాటేటప్పుడు ఎడమ పాదం ఎక్కడుందో కళ్ళతో చూసుకుని వెయ్యాలి, చూడకపోతే అది వెనకే ఉండిపోతుంది. అత్త ముందు మడమ ఆనిస్తున్నదా వేళ్ళా అని నేను అడిగింది అందుకే. కారు పందిట్లో ఉంది, గోనెపట్టాలు కప్పాను. తాళం చెవి దేవుడి పటం పక్క మేకుకి వేలాడుతోంది. అప్పుడప్పుడు వెళ్ళి సీట్లో కూర్చుంటాను. వెనక సీట్లో నల్లకోడి నాకేసి చూసి, ఎక్కడికి పోనిస్తావో పోనీ అన్నట్టు కళ్ళు మూసుకుంటుంది.

నీ ప్రశ్నకి జవాబు ఇది. స్టేషనుకి కారు వస్తుంది, గోవిందప్ప తోలుకొస్తానన్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని వస్తాను.

ఇక్కడితో ముగించి సంతకం పెడదామని కాగితం మడిచాను. మడిచి, మళ్ళీ విప్పాను.

నువ్వు ఇప్పుడు అబద్ధం వెతుకుతావు. అలవాటు ప్రకారం వేలు పెట్టి ఒక్కొక్క వాక్యం చూసుకుంటూ వస్తావు. ఉప్పుజాడీ నిజమేనా, కోడి నిజమేనా, కరియమ్మ దండం పెట్టడం నిజమేనా అనుకుంటూ వచ్చి వచ్చి, పోయినసారి గేరు మీద పెట్టినట్టే ఈసారి నా కాలి మీద వేలు పెడతావు. బావకి ఎంత ధైర్యం, కాళ్ళ మీద కూడా వేళాకోళమా అని నవ్వుతావు. అత్తకి చెప్పి ఆమెనీ నవ్విస్తావు. ఇద్దరూ నవ్వుకుంటూ రాయచూరులో దిగుతారు. గోవిందప్ప స్టీరింగు దగ్గర, నేను పక్కన కర్రతో. అదీ ఆటే అనుకుని, దిగు బావా, చాల్లే, అంటావు. అప్పుడు నేను దిగాలి. ఆ దిగడం ప్లాట్‌ఫారం మీద నలుగురిలో నువ్వు చూడకూడదని ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళ పందెం ఇవాళ నేనుగా తప్పుతున్నాను. నీ ఊహ రాకముందే చెప్పేస్తున్నాను.

కాలు అబద్ధం కాదు. అగ్గిపెట్టె అబద్ధం కాదు, నా చొక్కా జేబులోనే ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. మడమ పుండు ఇంకా మానలేదు. ఆసుపత్రి నిజం, సుత్తి నిజం. ఆ డాక్టరు నా ఎడమకాలు చూడటం అయ్యాక కుడికాలు వేళ్ళు కూడా ఒక్కొక్కటే పొడిచి చూశాడు. అక్కడ కూడా నేను రెండు తప్పు చెప్పాను. కాగితం మీద ఏదో రాసుకుని, కలం మూత పెట్టి, "మనేలి యారిద్దారె" అన్నాడు. ఇంట్లో ఎవరున్నారని. మందు రాస్తాడని చెయ్యి చాపి నిలబడ్డవాణ్ణి, మరదలుంది అన్నాను. ఆమెని ఒకసారి తీసుకురా అన్నాడు. మందు రాయలేదు.

అత్తని తీసుకుని వస్తావో, అక్కడే ఉండిపోతావో తెలిసి తేల్చుకో. వస్తే ఇక్కడ లేపి కూర్చోబెట్టవలసినవాళ్ళు ఇద్దరవుతారు, చేతికింద ఉండేవాడు ఎవరూ ఉండడు. ఉండిపోతే నేను తప్పు పట్టను. కరియమ్మ ఉంది, గేదె ఉంది. ఏ సంగతీ అత్తకి ఇప్పుడే చెప్పకు. తను నడుస్తున్నంతకాలం ఆమెని నడవనీ.

ఆరు నెలల వైద్యం లేదు. సూదులు లేవు, తేలిక చెయ్యి కాంపౌండరు లేడు, హుబ్బళ్ళి దాకా తోలే లారీ డ్రైవరు లేడు, భుజం మీద ఎవరూ తట్టలేదు. అంతా నేను కల్పించి రాశాను. కొట్టేద్దామని కలం పెట్టాను గాని చెయ్యి రాలేదు. ఆ నాలుగు వరుసలూ రాస్తున్నంతసేపూ నాకు కాలు తెలిసింది.

ఇట్లు,
నీ బావ,
పిచ్చయ్య.